కొండెక్కితేనే వచ్చే మిస్సింగ్: మీటరు పాస్ చేసిన కాయిల్

బండి నా షెడ్డుకొచ్చినప్పుడు దానికి ఏ రోగమూ లేదు. చిక్కంతా అక్కడే మొదలైంది.

2014 మోడల్, నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు, మీద సీఎన్‌జీ కిట్టు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఇట్లాంటి కాయిల్ (బ్యాటరీ కరెంటును ప్లగ్గులో స్పార్కు పుట్టేంత వోల్టేజీకి పెంచేది) చాలా బండ్లలో ఉంటుంది. ఓనరే డ్రైవరు. పాకాల పక్క పల్లె ఆయనది, యాభై దాటిన మనిషి. రైలు దిగిన యాత్రికుల్ని ఎక్కించుకుని తిరుమల, కాణిపాకం, శ్రీకాళహస్తి తిప్పడం ఆయన బతుకుతెరువు. కార్తీక మాసం, ఈశాన్య రుతుపవనం వానలు, పైన అయ్యప్ప మాలల సీజను. బండి ఒక్క పూట ఆగినా నష్టమే.

"ఏం చెప్పమంటావు సామీ, అలిపిరి దాకా బాగానే వస్తాది. గేటు దాటి పది నిమిషాలు ఎక్కినాక ఎగిరెగిరి పడతాది. పికప్పు ఉండదు, బోర్డులో పసుప్పచ్చ లైటు టపటపా కొడతాది. వెనక సీట్లో ముసలమ్మ గోవిందా గోవిందా అంటే దర్శనానికి అంటాందో భయపడి అంటాందో నాకు తెలీదు. పైకి పోయి గంట ఆపి కిందికి దిగితే ఏమీ ఉండదు. నీ దగ్గరికి తెచ్చేలోపల పెండ్లికొడుకు మాదిరి అయిపోతాది."

నా దగ్గరికి రాకముందే రెండు చోట్ల చూపించాడు. ఒకచోట ప్లగ్గులు మార్చి, థ్రాటిల్ బాడీ కడిగారు. ఇంకోచోట మల్టీమీటరు పెట్టి చూసి "కాయిల్ ఓకే" అన్నారు, ఫ్యూయల్ ఫిల్టరు మార్చారు. ఆ మీటరు పెట్టినాయన్ని నేను తప్పు పట్టను. ఎందుకో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

స్కానర్ తగిలిస్తే రెండు కోడ్లు: పీ0302, పీ0303. అంటే రెండో సిలిండర్‌లో మిస్సింగ్ (ఇంధనం అంటుకోకుండా తప్పిపోవడం), మూడో సిలిండర్‌లో మిస్సింగ్. ఒకటి, నాలుగు శుభ్రంగా ఉన్నాయి.

ఆ రెండు అంకెలు చూడగానే నా మనసు కాయిల్ మీదికే పోయింది. ఈ బండిలో ప్లగ్గుకో కాయిల్ లేదు. ఒకే ప్యాక్, అందులో రెండు కాయిళ్లు, పైన నాలుగు టవర్లు, టవర్ నుంచి ప్లగ్గుకు హెచ్‌టీ (హై టెన్షన్) వైరు. ఒక కాయిల్ 1-4 సిలిండర్లకు, ఇంకోటి 2-3కి. కాయిల్ పనిచేసిన ప్రతిసారీ రెండు ప్లగ్గుల్లోనూ ఒకేసారి స్పార్క్ పడుతుంది. ఒక సిలిండర్‌లో అది పనికొచ్చే స్పార్కు. రెండో దాంట్లో అప్పుడు పొగ బయటికి పోయే స్ట్రోకు నడుస్తుంటుంది, అక్కడ పడ్డది వృథా. కరెంటు ఒక టవర్ నుంచి బయల్దేరి, వైరు దాటి, ప్లగ్గు గ్యాప్ దూకి, ఇంజిన్ హెడ్డు మీదుగా పక్క ప్లగ్గులోకి దూకి, రెండో వైరు గుండా రెండో టవర్‌కు తిరిగొస్తుంది. రెండు సిలిండర్లూ ఒకే తాడుకు కట్టిన ఎద్దుల జోడీ. తాడు ఎక్కడ తెగినా రెండూ ఆగుతాయి. అందుకే 2, 3 కలిసి మిస్ అయితే ఇంజెక్టర్‌నో, వాల్వునో అనుమానించే ముందు ఆ జోడీకి ఉమ్మడిగా ఏముందో చూడాలి.

ఉన్నవి కొన్నే: కాయిల్‌లో ఆ సగం, రెండు వైర్లు, రెండు ప్లగ్గులు, దానికి కంప్యూటర్ నుంచి వచ్చే సిగ్నల్ వైరు. బ్యాటరీ కరెంటు రెండు కాయిళ్లకూ ఒకే పిన్ను నుంచి వస్తుంది కాబట్టి, అది పోతే నాలుగూ పోవాలి.

మొదటి రోజు కొలతలు

బ్యాటరీ నెగటివ్ తీశాను, కాయిల్ కప్లర్ (వైర్లు తగిలించే సాకెట్టు) ఊడదీశాను. మూడు పిన్నులు. నడిమిది బ్యాటరీ పాజిటివ్, అటూ ఇటూ ఉన్నవి ఒక్కో కాయిల్‌కి ఈసీయూ (బండి కంప్యూటర్) నుంచి వచ్చేవి.

ప్రైమరీ (కాయిల్‌లో బ్యాటరీ కరెంటు పారే చుట్ట) కొలవడం చూడ్డానికి సులువు, తప్పు పోవడం ఇంకా సులువు. మీటరు 200 ఓమ్‌ల రేంజిలో పెట్టి ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి ఆనించాను. 0.3 చూపించింది. అది ప్రోబు వైర్ల సొంత రెసిస్టెన్సు. నడిమి పిన్నుకూ ఎడమ పిన్నుకూ మధ్య 0.9, కుడి పిన్నుకూ 0.9. 0.3 తీసేస్తే రెండూ 0.6. ఈ తీసివేత చేయకుండా "బుక్కులో 0.6 ఉంది, ఇక్కడ 0.9 వస్తోంది, యాభై శాతం తేడా" అని మంచి కాయిల్‌ని పారేయించిన వాళ్లని చూశాను. ఓమ్‌లో పదో వంతులతో ఆడుకునే చోట ప్రోబు మొన మీద తుప్పున్నా, మీటరులో 9 వోల్టుల బ్యాటరీ నీరసంగా ఉన్నా లెక్క మారిపోతుంది. నాకైతే బుక్కులో అంకె కన్నా, పక్కపక్కన ఉన్న రెండు కాయిళ్లు ఒకదానితో ఒకటి సరిపోవడం మీదే నమ్మకం ఎక్కువ. రెండూ ఒకే రోజు పుట్టినవి, ఒకే వేడి తిన్నవి.

సెకండరీకి (స్పార్కుకు కావాల్సిన పెద్ద వోల్టేజీ పుట్టే చుట్ట) 20 కిలో ఓమ్‌ల రేంజి. టవర్ నుంచి టవర్‌కు కొలవాలి. 1-4 మధ్య 13.1 కిలో ఓమ్‌లు, 2-3 మధ్య 12.8. ఇక్కడ పిల్లోళ్లు చేసే తప్పు ఒకటుంది. టవర్ లోపల ప్రోబు జారిపోతోందని రెండు చేతి వేళ్లతో రెండు మొనలూ పట్టుకుంటారు. చెమట పట్టిన చేతులైతే మన ఒళ్లు కూడా కాయిల్ పక్కన ఇంకో దారి అవుతుంది, రీడింగు తగ్గి కనిపిస్తుంది. వానాకాలంలో ఆ తేడా ఇంకా ఎక్కువ. ఒక ప్రోబుకు క్రొకొడైల్ క్లిప్పు పెట్టుకుంటే ఆ బాధ లేదు.

తర్వాత ఒక్కో టవర్ నుంచి కాయిల్ ఇనప పట్టీకి చూశాను. ఓఎల్, అంటే మీటరు కొలిచే హద్దు దాటింది, దారి లేనట్టే. మీటరుకు అందినంతలో ఎర్త్ లీకేజీ లేదు.

కాయిల్ మీద నాకు దొరికింది శూన్యం. నా ముందు చూసినాయనా ఇదే చూసి ఉంటాడు.

వైర్లు తీశాను. కార్బన్ కోర్ వైరుకు మీటరు పొడవుకు సుమారు పది నుంచి ఇరవై కిలో ఓమ్‌లు ఉండటం మామూలే. ఇవి అర మీటరు లోపలి ముక్కలు. ఒకటోది 5.2, రెండోది 4.4, నాలుగోది 6.1. మూడోది 38. ప్రోబులు అట్లనే ఉంచి బూటు దగ్గర కొంచెం వంచితే 38 కాస్తా 60 అయింది, ఇంకొంచెం వంచితే ఓఎల్, వదిలితే మళ్లీ 40.

ఆ క్షణంలో నేను కాయిల్‌ని మర్చిపోయాను. దొంగ దొరికాడు కదా! ప్లగ్గులు మార్చినప్పుడు ఎవరో బూటు పట్టుకోకుండా వైరు పట్టుకుని లాగారు, లోపల కార్బన్ దారం తెగింది. 2, 3 ఒకే తాడు కాబట్టి మూడో వైరు చెడితే రెండు కోడ్లూ రావడం సరిగ్గా కుదిరింది. వైర్ల సెట్టు మార్చాను, కోడ్లు తుడిచాను, కరకంబాడి రోడ్డులో పది కిలోమీటర్లు తోలాను. బండిలో నేనొక్కణ్నే, ఏసీ లేదు, సాయంత్రం చల్లగాలి. వెన్నలా పోయింది. డబ్బులు తీసుకుని పంపించాను.

తొమ్మిదో రోజు

"ఏం సామీ, మళ్లా మొదటికొచ్చె."

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. మూడు రోజులు బాగుందట. నాలుగో రోజు జనం ఎక్కువై అలిపిరి తనిఖీ దగ్గర క్యూలో ఇరవై నిమిషాలు ఆగాల్సొచ్చింది, ఏసీ వేసుకుని. అక్కణ్నుంచి కదిలి రెండు మలుపులు తిరిగాడో లేదో మొదలైంది. అవే కోడ్లు, 302, 303.

వైరు మార్చడం తప్పు కాదు. అది నిజంగా చెడింది. తప్పేమిటంటే, ఒక దొంగ దొరకగానే రెండోవాడు లేడనుకోవడం. అంతకన్నా పెద్ద తప్పు, చల్లని కాయిల్‌ని కొలిచి దాన్ని నిర్దోషి అని వదిలేయడం.

మీటరు ఓమ్‌ల రేంజిలో ఉన్నప్పుడు లోపలి చిన్న బ్యాటరీతో ఒకటి రెండు వోల్టులు మాత్రమే కాయిల్ మీద పెడుతుంది. అదే కాయిల్ ఇంజిన్ మీద ఇరవై ముప్పై వేల వోల్టులు పుట్టించాలి. లోపల వెంట్రుక కన్నా సన్నటి తీగ వేల చుట్లు ఉంటుంది, చుట్టుకూ చుట్టుకూ మధ్య వార్నిష్, చుట్టూ ఎపాక్సీ. ఆ ఎపాక్సీలో వెంట్రుక సందు పడి ఇరవై వేల వోల్టులు అందులోంచి ఇనుముకు దూకుతున్నా, రెండు వోల్టుల మీటరుకు అది గోడే. పాతిక చుట్లు ఒకదానికొకటి అంటుకున్నా పదమూడు వేల ఓమ్‌లలో ఆ తేడా కనిపించదు. మీటరు చెడిందని చెప్తే, సరిగా కొలిచి ఉంటే, నమ్మొచ్చు. బాగుందని చెప్తే అది ఇప్పుడు, ఈ వేడిలో, ఈ రెండు వోల్టుల కింద బాగుందని మాత్రమే.

ఈ బండి ఫిర్యాదులో రెండు సంగతులు ఆయన మొదటిరోజే నాకు చెప్పేశాడు, నేనే వినలేదు. ఒకటి లోడు. కొండెక్కేటప్పుడు యాక్సిలరేటర్ నొక్కి ఉంటాం, సిలిండర్‌లోకి నిండా గాలి, ఇంధనం వస్తాయి, స్పార్క్ పడే వేళకి లోపల ఒత్తిడి ఎక్కువ. ఒత్తిడి పెరిగినకొద్దీ అదే గ్యాప్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ఐడిలింగ్‌లో పది వేల వోల్టుల లోపు సరిపోయేది, నిండు లోడు మీద ఇరవై వేలకు పోవచ్చు. పైగా సీఎన్‌జీ, పెట్రోల్ కన్నా దీనికి గట్టి స్పార్కు కావాలి. రెండోది వేడి. చిత్తూరు హైవే మీద ఎనభైలో పోయేటప్పుడు బానెట్ కిందికి గాలి కొడుతుంది. క్యూలో ఆగినప్పుడు కొట్టదు. కాయిల్ ప్యాక్ ఇంజిన్ హెడ్డుకే బోల్టు వేసి ఉంటుంది, కింద నుంచి కాలుతూనే ఉంటుంది. కిందికి దిగేటప్పుడు లోడూ లేదు, అప్పటికి కాయిల్ చల్లారింది కూడా.

ఇట్లాంటప్పుడు ప్లగ్గుకో కాయిల్ ఉన్న బండైతే పని ఎంత తేలికో! రెండో కాయిల్ తీసి నాలుగో దాని మీద పెట్టి, మిస్సింగ్ నాలుగుకు మారిందా అని చూస్తే చాలు. ఇక్కడ రెండూ ఒకే డబ్బాలో పోతపోసి ఉన్నాయి, మార్చి చూసే దారి లేదు.

ముందు కప్లర్ అనుమానం తీర్చుకున్నాను. వట్టి మీటరుతో నడిమి పిన్నులో 12 వోల్టులు కనిపిస్తే సరిపోదు, ఒక్క పోగు మిగిలిన వైరు కూడా మీటరుకు 12 చూపిస్తుంది. హెడ్‌లైట్ బల్బు, 55 వాట్లది, ఆ పిన్నుకూ ఎర్త్‌కూ మధ్య కట్టి కీ ఆన్ చేశాను. బ్యాటరీ దగ్గర 12.2, బల్బు దగ్గర 11.9. వైరు ఊపినా మారలేదు. సప్లయి బాగుంది.

రాత్రి షెడ్డులో లైట్లు ఆర్పేసి, ఇంజిన్ ఆన్ చేసి, స్ప్రే సీసాతో కాయిల్ మీదా వైర్ల మీదా సన్నగా నీళ్లు కొట్టి చూశాం. లీకేజీ ఉంటే నీలం మెరుపు పాకుతుంది. ఏమీ లేదు. మా పిల్లోడు మాత్రం "ఇంజిన్ ఆన్‌లో ఉండగా వైరు పీకి చూద్దామానా?" అన్నాడు. వద్దన్నాను. ఈసీయూలు రాకముందు, కాంటాక్ట్ పాయింట్ల కాలంలో చేసిన అలవాటది. ఇప్పుడు అట్లా చేస్తే స్పార్క్‌కి దారి దొరక్క వోల్టేజీ కాయిల్ లోపలి ఇన్సులేషన్ మీద పడుతుంది, ఈసీయూ డ్రైవర్ (కాయిల్‌ని స్విచ్ చేసే ట్రాన్సిస్టర్) మీదా పడొచ్చు, కాలని పెట్రోల్ పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని (పొగను శుభ్రం చేసేది) కాలుస్తుంది. మనిషికి కొట్టే షాకు సరేసరి. ఇంకో మాట, నడుస్తున్న ఇంజిన్ హెచ్‌టీ వైరులో మల్టీమీటరు ప్రోబు పెట్టబోవద్దు. 600 వోల్టులకు చేసిన మీటరు అది. ప్రైమరీ వైపు కూడా కాయిల్‌లో కరెంటు తెగిన క్షణంలో మూడు నాలుగు వందల వోల్టులు లేస్తాయి.

మీటరు కొండెక్కింది

రోగం కొండ మీద వస్తుంటే డాక్టరు కింద కూర్చుంటే ఎట్లా? మరుసటి రోజు పొద్దున ఆయన ట్రిప్పులో నేనూ ఎక్కాను. ముందు సీట్లో స్కానర్ ఒళ్లో పెట్టుకుని, కాళ్ల దగ్గర మీటరు, క్రొకొడైల్ క్లిప్పులు, మందపాటి గ్లౌజులు. వెనక ముగ్గురు యాత్రికులు. తనిఖీ దగ్గర నా సంచి తెరిచి మీటరు చూసి ఇదేమిటని అడిగితే, "బండికి జ్వరం చూసేది సార్" అన్నాడు మా డ్రైవరు.

పైకి పోయేది 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు. క్యూలో ఉండగా కూలెంట్ టెంపరేచర్ 97కు చేరింది. గేటు దాటాక సీఎన్‌జీ మీదే ఎక్కమన్నాను. ఐదు నిమిషాలు ఏమీ లేదు. ఏడో నిమిషంలో ఒక్క జర్కు, ఆ తర్వాత వరసగా. స్కానర్‌లో రెండు, మూడు సిలిండర్ల మిస్సింగ్ లెక్క గబగబా పెరుగుతోంది, ఒకటి, నాలుగు సున్నా దగ్గరే. పెట్రోల్‌కి మార్చమన్నాను. సగానికి సగం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇంధనం మారితే తగ్గింది కదా, సీఎన్‌జీ కిట్టుదే తప్పేమో అనిపించొచ్చు. కానీ కిట్టు తప్పయితే నాలుగు సిలిండర్లూ ఏడవాలి. జోడీ మాత్రమే ఏడుస్తోంది. తక్కువ వోల్టేజీ అడిగే ఇంధనం ఇస్తే ఏడుపు తగ్గిందంటే, కాయిల్ ఇవ్వాల్సినంత ఇవ్వలేకపోతోందని అర్థం.

ఎట్లాగో పైకి చేరాం. యాత్రికుల్ని దింపి, పార్కింగ్‌లో ఆపి, ఇంజిన్ ఆపిన మరుక్షణం బానెట్ ఎత్తాను. కప్లర్ పీకి, టవర్ల నుంచి వైర్లు తీసి, క్లిప్పులు తగిలించాను. చేతికి గ్లౌజు ఉన్నా కాయిల్ సెగ తగులుతోంది.

1-4 మధ్య 15.6 కిలో ఓమ్‌లు.

2-3 మధ్య ఓఎల్.

రేంజి మార్చాను. 200 కిలో, ఓఎల్. 2 మెగా, ఓఎల్. క్లిప్పులు తీసి మళ్లీ పెట్టాను. ఓఎల్. ప్రైమరీలు రెండూ సమానంగానే ఉన్నాయి, ఒక్క పాయింటు పెరిగి.

డ్రైవరన్నకు చూపించాను. "ఇదేంది సామీ, కింద పన్నెండు ముక్కాలు చూపించినావే?" అన్నాడు. కూర్చుందాం రమ్మని టీ చెప్పాను. పన్నెండు నిమిషాలకు మీటరు ఒకసారి మిణుకుమంది, ఏవో అంకెలు వచ్చి పోయాయి. ఇరవయ్యో నిమిషానికి 14.4 దగ్గర నిలబడింది. ఇంకాసేపటికి 14.1. రాగి చల్లారుతోంది, తెగిన తీగ మొనలు మళ్లీ కలుసుకున్నాయి.

లోపల జరిగేది ఇది. సన్నటి సెకండరీ తీగ ఎక్కడో ఒకచోట తెగి ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఎపాక్సీ ఆ రెండు మొనల్నీ నొక్కిపెట్టి ఉంచుతుంది. వేడెక్కి వ్యాకోచిస్తే వెంట్రుకవాసి విడిపోతాయి. అయినా ఐడిలింగ్‌లో ఇంజిన్ నడుస్తుంది, ఎందుకంటే వేల వోల్టులకు ఆ వెంట్రుకవాసి ఒక లెక్క కాదు, దూకేస్తుంది. దూకిన ప్రతిసారీ కొంత శక్తి అక్కడే కాలిపోతుంది, మొనలు ఇంకా కాలి ఎడం పెరుగుతుంది. మిగిలింది ప్లగ్గు దాకా వస్తుంది. చదును రోడ్డు మీద అది చాలు. ఘాట్‌లో చాలదు. సెకండరీ ఓపెన్ అయిన కాయిల్‌తో బండి అసలు నడవదనుకోవడం పొరపాటు. నెలల తరబడి నడుస్తుంది, ఇట్లాగే సతాయిస్తూ.

ఇంత దూరం వచ్చి దర్శనం చేసుకోకుండా దిగుతామా అని ఆయన. చేతినిండా గ్రీజు, టికెట్టు లేదు. గుడి ముందు అఖిలాండం దగ్గర కొబ్బరికాయ కొట్టి దండం పెట్టుకుని, 1944 నాటి పాత ఘాట్ మీదుగా పెట్రోల్‌లో దిగాం. ముప్పై ఆరు మలుపులు, ఒక్క జర్కు లేదు. ఆయన అన్నట్టే, పెండ్లికొడుకు.

బల్ల మీద

కింద షెడ్డులో కాయిల్ తీసి బల్ల మీద పెట్టి, ఇంట్లోంచి హెయిర్ డ్రయ్యర్ తెప్పించాను. (మా ఆవిడ దాన్ని మళ్లీ తలకు వాడనంది, ఇప్పుడది షెడ్డుదే.) ముల్లు మీటరు తగిలించాను. మిణుకు మిణుకు రోగాలకు డిజిటల్ కన్నా ముల్లే నయం, అంకెలు ఆలోచించుకునేలోపు ముల్లు ఎగిరి చెప్పేస్తుంది. పక్కన డిజిటల్ కూడా పెట్టాను, లెక్కకు.

షెడ్డు వేడి 28 డిగ్రీలు, 2-3 మధ్య 12.8, 1-4 మధ్య 13.1. డ్రయ్యర్ తగ్గించి నెమ్మదిగా వేడి చేస్తూ పోయాం. రాగి రెసిస్టెన్సు డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది, కాబట్టి రెండూ పెరగడం సహజం, పెరగకపోతేనే అనుమానించాలి. 80 డిగ్రీల దగ్గర 1-4 జోడీ 15.7 చూపించింది. లెక్క వేసినా అంతే రావాలి. 2-3 జోడీ కూడా పక్కనే నడిచింది. 70 దాకా బుద్ధిగా పెరిగింది. 74, 75 దగ్గర ముల్లు వణికింది, ఒక్కసారిగా చివరికి పడిపోయింది. చల్లార్చి మళ్లీ వేడి చేశాం. మూడుసార్లూ ఆ రెండు మూడు డిగ్రీల లోపలే తెగింది.

తీగ ఎందుకు తెగిందని ఆయన అడిగాడు. నేను చూసిన దాన్ని బట్టి రెండు కారణాలు చెప్పాను. ఆ మూడో వైరు ఎన్నాళ్లుగా సగం తెగి ఉందో, అన్నాళ్లూ కాయిల్ ఆ అడ్డం కూడా దూకించడానికి పైకి పైకి వోల్టేజీ ఎత్తుతూ వచ్చింది. దానికి తోడు కొత్త ప్లగ్గులు. డబ్బాలోంచి తీసినవి తీసినట్టే బిగించారు, గేజి పెట్టి చూస్తే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు. పెట్రోల్‌కి సరే. సీఎన్‌జీ మీద కొండెక్కే బండికి అది ఎక్కువ. వైరూ, గ్యాపూ రెండూ కలిసి ముసలి కాయిల్ నెత్తిన కూర్చున్నాయి. వైరు మార్చగానే మూడు రోజులు బాగుండటానికి కారణం కూడా అదే, నెత్తి మీది బరువు కొంత దిగింది.

కొత్త కాయిల్

స్పేర్ షాపుకు మీటరు జేబులో పెట్టుకునే పోయాను. కౌంటర్లో కుర్రాడు పెట్టె తెరిచి ఒకటి ఇచ్చాడు. అదే ఆకారం, నాలుగు టవర్లు, బోల్టు రంధ్రాలు కూడా కుదురుతున్నాయి. ప్రైమరీ కొలిస్తే ఓమ్‌లు కాదు, అటు పెడితే మెగా ఓమ్‌లు, ఇటు పెడితే ఓఎల్. "పోయిన పీసేమోనా, ఇంకోటి తెస్తా" అన్నాడు కుర్రాడు. కప్లర్ తిప్పి చూస్తే పిన్నులు నాలుగు. లోపలే ఇగ్నైటర్ ఉన్న రకం అది. ఈసీయూ దానికి చిన్న సిగ్నల్ మాత్రమే పంపుతుంది, స్విచ్ చేసే ట్రాన్సిస్టర్ కాయిల్‌లోనే ఉంటుంది. అట్లాంటి కాయిల్ ప్రైమరీని బయటి నుంచి ఓమ్‌లలో కొలవడమే కుదరదు. మంచి పీసును పోయిందని పక్కన పడేసే వాళ్లు ఇక్కడే తప్పు పోతారు. పిన్నులు లెక్కపెట్టుకోవడం మీటరు కన్నా ముందు చేయాల్సిన పని.

ప్లగ్గు మీద నేరుగా కూర్చునే కాయిళ్లలో కూడా అంతే. రెండు పిన్నులుంటే ప్రైమరీ నేరుగా కొలవొచ్చు. మూడో నాలుగో ఉంటే వైరింగ్ డయాగ్రమ్ చూడకుండా తీర్పు చెప్పకూడదు. కొన్నిట్లో సెకండరీలో డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) కూడా పెడతారు, దాంట్లోంచి మీటరు రెండు వోల్టులు దూరవు. ఓఎల్ వస్తుంది, కాయిల్ మాత్రం బంగారంలా పని చేస్తుంటుంది. దానికి పక్క సిలిండర్ కాయిలే కొలబద్ద. నాలుగింట్లోనూ ఓఎల్ వస్తే అది రోగం కాదు, పుట్టుక. పాత అంబాసిడర్, పద్మినిల్లో ఉండే డబ్బా కాయిల్‌కి ఈ గొడవలేవీ లేవు. ప్రైమరీ మూడు ఓమ్‌ల చుట్టుపక్కల, బ్యాలస్ట్ రెసిస్టర్ ఉన్నదైతే ఒకటిన్నర, సెకండరీ నడిమి టవర్ నుంచి ఒక టెర్మినల్‌కు.

రెండో పెట్టెలోది మూడు పిన్నులది. ప్రైమరీలు 0.6, 0.6. సెకండరీలు 12.9, 12.9. ప్రైమరీ ఎందుకు అంత పట్టింపుగా చూస్తానంటే, 0.6 ఉండాల్సిన చోట 0.3 ఉన్న చౌక కాయిల్ బిగిస్తే ఈసీయూలో డ్రైవర్ మీద కరెంటు ఎక్కువ పడి, కాయిల్‌తో పోయేది ఈసీయూ దాకా పాకుతుంది. షాపులోనే కౌంటర్ మీద కొలుస్తుంటే షాపు ఓనరు మొహం మాడ్చుకున్నాడు. పర్వాలేదు.

బిగించి, ప్లగ్గుల గ్యాప్ 0.8కి తగ్గించి, బూట్లలో సిలికాన్ గ్రీజు కొంచెం రాసి, పట్టీ ఎర్త్ దగ్గర తుప్పు గీకాను. ఈసారి పరీక్ష కరకంబాడి రోడ్డులో కాదు. సాయంత్రం జనం ఉన్న వేళ, ఏసీ వేసి, అలిపిరి క్యూలో నిలబడి, సీఎన్‌జీ మీద పైదాకా. నలుగురం ఎక్కాం, బరువు కోసం మా పిల్లోణ్నీ వాడి అన్ననీ పట్టుకుపోయాం. స్కానర్‌లో నాలుగు సిలిండర్లూ సున్నా. ఆ తర్వాత సంక్రాంతి దాకా ఆయన దాదాపు రోజూ ఎక్కుతూనే ఉన్నాడు, మళ్లీ కోడ్ రాలేదు.

బిల్లు దగ్గర చిన్న మాట పడింది. "ముందు మార్చిన వైర్లు దండగేనా అయితే?" అన్నాడు. దండగ కాదని పాత మూడో వైరు తెచ్చి వంచి, మీటరు మీద చూపించాను. కానీ మొదటిసారి నేను తీసుకున్న లేబరు తిరిగి ఇచ్చేశాను, ఘాట్ ఎక్కించి చూడకుండా పంపింది నేనే కాబట్టి. ఆయన తీసుకోనన్నాడు, నేను సీటు మీద పెట్టాను. మరుసటి వారం ఆ డబ్బుకు సరిపడా లడ్డూలు షెడ్డుకు వచ్చాయి.

పాత కాయిల్ పారేయలేదు, గోడకు మేకు కొట్టి తగిలించాను. కొత్తగా పనికి చేరిన పిల్లోళ్లకి మొదటి రోజు దాన్నే ఇస్తాను. ప్రోబులు ఆనించి 0.3 తీసేయడం మర్చిపోయేవాడు ఒకడు, వేళ్లతో మొనలు పట్టుకునేవాడు ఒకడు. చివరికి అందరూ ఒకటే చెప్తారు, "బాగుందినా." అప్పుడు బల్ల కింద నుంచి హెయిర్ డ్రయ్యర్ తీసి చేతికిస్తాను.